బావిలో తేలిన శవం, రిపోర్టులో "24–48 గంటలు": లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మూట్_ఫైనలియర్:

మూట్ కోర్టుకు (లా విద్యార్థుల అభ్యాస కోర్టు) ఒక కల్పిత కేసు ఇచ్చారు. వైద్య సాక్ష్యం దగ్గర ఆగిపోయాను. తెలిసినవాళ్లు చెప్పండి.

మే నెల. 38 ఏళ్ల రైతు సోమవారం రాత్రి 9కి ఇంట్లో అన్నం, గోంగూర పప్పు తిని మోటారు వేసొస్తానని పొలం వెళ్లాడు, తిరిగి రాలేదు. బుధవారం ఉదయం 7కి తన పొలం బావిలోనే బోర్లా తేలుతూ కనిపించాడు. పదిన్నరకి పైకి తీశారు. మధ్యాహ్నం 12కి మార్చురీ ఫ్రీజర్‌లో పెట్టారు. ఇంక్వెస్ట్ (శవాన్ని చూసి పోలీసులు చేసే విచారణ) సాయంత్రం 5కి ముగిసింది. పోస్ట్‌మార్టం గురువారం ఉదయం 11కి జరిగింది.

రిపోర్టులో ఉన్నవి: చేతుల్లో బిగుతు పోయింది, కాళ్లలో ఉంది. పొత్తికడుపు కుడివైపు ఆకుపచ్చ రంగు. ముఖం ఉబ్బింది. అరచేతులు, అరికాళ్లు తెల్లబడి ముడతలు పడ్డాయి. నోటి దగ్గర నురగ. లివిడిటీ (చనిపోయాక నెత్తురు కిందికి దిగి కట్టే మచ్చలు) వీపు మీద ఉంది, స్థిరపడింది. నుదుటి కుడివైపు 4×1 సెం.మీ. చీలిక. ఊపిరితిత్తులు ఉబ్బి ఉన్నాయి. కడుపులో 250 గ్రాముల అన్నం, ఆకు నార. విసెరా (లోపలి అవయవాల నమూనాలు) తీసి ఎఫ్ఎస్ఎల్‌కి (ఫోరెన్సిక్ ప్రయోగశాల) పంపారు. "మరణించి 24–48 గంటలు" అని రాశారు, మరణ కారణం రిజర్వ్ చేశారు.

నిందితుడు గట్టు తగాదా ఉన్న దాయాది. మంగళవారం ఉదయం 6కి హైదరాబాద్ బస్సెక్కాడు, టికెట్, సీసీటీవీ ఉన్నాయి. గురువారం 11 నుంచి 48 గంటలు వెనక్కి వెళ్తే మంగళవారం 11. అప్పటికి అతను ఊళ్లో లేడు. నేను డిఫెన్స్ వైపు. ఇంతటితో కేసు అయిపోయినట్టేనా?

ఎఫ్‌ఎంటీ_ట్యూటర్:

అవలేదండీ. ఆ 24–48 ని డాక్టర్ ఏ క్షణం నుంచి లెక్కపెట్టారో ముందు తేలాలి. ఫారంలో "పోస్ట్‌మార్టం సమయానికి ముందు" అని అచ్చు వేసి ఉంటుంది, అంకె మాత్రమే నింపుతారు. కానీ ఫ్రీజర్‌లో ఉన్న 23 గంటలు శవంలో మార్పులు దాదాపు ఆగిపోతాయి. శవం చూసి "ఇది 24–48 గంటల శవం" అనుకున్న డాక్టర్ నిజానికి చూస్తున్నది బుధవారం 12కి ఉన్న స్థితిని. అక్కడి నుంచి వెనక్కి వెళ్తే సోమవారం 12 నుంచి మంగళవారం 12 వరకు వస్తుంది. సోమవారం రాత్రి అందులోనే ఉంది. పైగా మీరు చెప్పినట్టు గురువారం నుంచే లెక్కపెడితే ఆ వ్యవధి రెండో కొస బుధవారం 11. శవం 7కే తేలుతూ దొరికింది కదా. అంటే ఆ పద్ధతిలో లెక్క తనంతట తనే తప్పుతోంది. ప్రాసిక్యూషన్ ఈ మాట ఎత్తితే మీ దగ్గర జవాబు ఉండదు.

ఇక ఒక్కొక్క గుర్తు ఎంత చెబుతుందో చూద్దాం.

శరీర ఉష్ణోగ్రత ఇక్కడ పనికిరాదు. అది మొదటి రోజుకే పనికొచ్చే గుర్తు. పొడవాటి థర్మామీటర్‌ని మలద్వారంలో 8–10 సెం.మీ. లోపలికి పెట్టి చూస్తారు (లైంగిక దాడి అనుమానం ఉంటే ముందు స్వాబ్‌లు, తర్వాతే థర్మామీటర్). ఉష్ణోగ్రత నుంచి మరణ సమయం లెక్కగట్టే హెన్స్‌గే పట్టికలో శరీర బరువు, పరిసరాల వేడి, బట్టలు, నీళ్లు అన్నీ సరిచేసుకున్నా, పరిస్థితులు బాగా అనుకూలించినప్పుడే 2.8 గంటలు అటూ ఇటూగా వస్తుంది. మే నెలలో గట్టు మీద శవమైతే బయట 42 డిగ్రీలున్నప్పుడు చల్లబడదు, వేడెక్కుతుంది. నీళ్లలో గాలిలోకన్నా దాదాపు రెండింతల వేగంగా చల్లబడి నీటి ఉష్ణోగ్రతకు వచ్చేస్తుంది. ఆ తర్వాత కొలిచినా అది బావి నీళ్లను కొలిచినట్టే.

బిగుతు మన దగ్గర చనిపోయిన 2–3 గంటలకు మొదలై కనురెప్పలు, దవడ, మెడ, చేతులు, కాళ్ల వరుసలో దిగుతుంది, పోయేటప్పుడూ అదే వరుస. వేసవిలో మొత్తం 18–36 గంటలు, చలికాలంలో 24–48 ఉంటుంది. చల్లని నీళ్లలో ఇంకా ఆలస్యం. చేతుల్లో పోయి కాళ్లలో మిగిలింది అన్నది బుధవారం మధ్యాహ్నం రాసి ఉంటే విలువైన మాట. గురువారం ఫ్రీజర్ నుంచి తీశాక రాస్తే అందులో సగం చలికి గడ్డకట్టిన కొవ్వు బిగుతు కావచ్చు. ఇంకోటి, బావిలోంచి లాగేటప్పుడు చేతులు పట్టి గుంజితే ఆ కీళ్లలో బిగుతు విరిగిపోతుంది, మళ్లీ రాదు. "చేతుల్లో లేదు" అన్నదానికి కారణం అదీ కావచ్చు.

ఆకుపచ్చ రంగు మన వేసవిలో నేల మీద 12–18 గంటలకే కనిపిస్తుంది. నీళ్లలో కుళ్లడం సుమారు సగం వేగం. గాలిలో ఒక వారం, నీళ్లలో రెండు వారాలు, భూమిలో ఎనిమిది వారాలు సమానమని కాస్పర్ చెప్పిన పాత సూత్రం. దాన్ని గంటల లెక్కకు వాడకూడదు కానీ దిశ తెలుస్తుంది. నీళ్లలో తల కిందికి వేలాడుతుంది, నెత్తురు అక్కడికి చేరుతుంది, అందుకని ముఖం ముందు ఉబ్బుతుంది. మీ రిపోర్టుకి అది సరిపోతోంది.

వీటన్నిటికన్నా మీ కేసులో నాకు బరువుగా కనిపిస్తున్నది శవం తేలడం. లోపల గ్యాసు పుడితేనే తేలుతుంది. మన వేసవిలో అందుకు సుమారు ఒక రోజు పడుతుంది, చలికాలంలో రెండు మూడు రోజులు. బుధవారం 7కి తేలి ఉందంటే మునిగింది మంగళవారం తెల్లవారుజాముకో అంతకు ముందో అయ్యుండాలి. బావి లోతు, నీటి చల్లదనం, మనిషి లావు, బట్టల బరువు అన్నీ దీన్ని మారుస్తాయి, కాబట్టి గంట చెప్పలేం. మంగళవారం సాయంత్రం ఆ బావి దగ్గరికి ఎవరైనా వచ్చారా, నీళ్ల మీద ఏమీ కనిపించలేదా అని అడగండి. ఆ సాక్షి మాట డాక్టర్ అంకెకన్నా ఎక్కువ పనికొస్తుంది.

మూట్_ఫైనలియర్:

థాంక్స్ సార్. లెక్క మొదలయ్యే చోటు గురించి నేను ఆలోచించనే లేదు. ఇంకో రెండు సందేహాలు. ఒకటి, కడుపులో అన్నాన్ని బట్టి భోజనం చేసిన రెండు గంటల్లో చనిపోయాడని చెప్పేయొచ్చా? రెండోది, బోర్లా తేలిన శవానికి వీపు మీద లివిడిటీ ఎలా వస్తుంది? ఎక్కడో చంపి వెల్లకిలా పడుకోబెట్టి తర్వాత బావిలో పడేశారని ప్రాసిక్యూషన్ అంటోంది.

ఎఫ్‌ఎంటీ_ట్యూటర్:

అన్నం సంగతి. తేలికపాటి భోజనం కడుపు దాటడానికి ఒకటి నుంచి మూడు గంటలు, కడుపు నిండా తింటే నాలుగు నుంచి ఆరు పట్టొచ్చు. మనిషికీ మనిషికీ తేడా ఎక్కువ. భయం, తలకు దెబ్బ, మందు తాగడం, ఇవన్నీ జీర్ణాన్ని నెమ్మదింపజేస్తాయి, ఒక్కోసారి ఆపేస్తాయి. నుదుటి మీద దెబ్బ తిని కొన్ని గంటలు స్పృహ లేకుండా పడి ఉన్నవాడి కడుపులో అన్నం అలాగే ఉండొచ్చు. కాబట్టి "రెండు గంటలు" అనొద్దు. 250 గ్రాములు, మెతుకు మెతుకుగా గుర్తుపట్టేలా ఉంటే, "చివరి భోజనం చేసిన కొద్ది గంటల్లో" అనొచ్చు. అసలు పేచీ చివరి భోజనం ఏదన్న దాని దగ్గరే. ఆకు నార గోంగూరదని తేలినా, మంగళవారం పొద్దున అదే పప్పుతో చద్దన్నం తిని ఉంటే? అతను రాత్రి ఇంటికి రాలేదని, గిన్నెలో పప్పు తగ్గలేదని, చేను దగ్గరికి క్యారియర్ వెళ్లలేదని ఇంట్లోవాళ్లు చెప్పాలి. ఆ సాక్ష్యం నిలబడితే సోమవారం అర్ధరాత్రికి అటూ ఇటూ అన్న మాట బలపడుతుంది. నిలబడకపోతే ఆ 250 గ్రాములు ఏ రోజువో చెప్పలేం.

లివిడిటీ సంగతి. గుండె ఆగాక నెత్తురు కిందివైపుకి దిగి చర్మం కింద మచ్చలు కడుతుంది. 1–3 గంటల్లో మొదలై 6–12 గంటల్లో స్థిరపడుతుంది, ఆ తర్వాత శవాన్ని తిప్పినా చోటు మారదు. బావిలో బోర్లా ఉన్న శవానికి ముఖం, ఛాతీ పైభాగం, చేతులు, పాదాల దగ్గర ఉండాలి. కదిలే నీళ్లలో అసలు సరిగ్గా ఏర్పడదు. వీపు మీద ఉంటే "చచ్చాక గంటల తరబడి వెల్లకిలా ఉంది" అన్న వాదన సరైనదే, కానీ ఆ మచ్చ గట్టు మీదే ఉందని చూపించాలి. కుళ్లడం మొదలైన శవంలో ఎర్రకణాలు పగిలి రంగు కణజాలంలోకి ఊరుతుంది. మార్చురీలో 23 గంటలు వెల్లకిలా ఉంచితే ఆ రంగంతా వీపువైపు దిగి లివిడిటీలాగే కనిపిస్తుంది. బుధవారం ఇంక్వెస్ట్ ఫొటోల్లో వీపు చూడండి. అక్కడ శుభ్రంగా ఉంటే ప్రాసిక్యూషన్ కథ పోయింది. అక్కడే మచ్చ ఉంటే మాత్రం మీకు కష్టం.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. నురగ, ఉబ్బిన ఊపిరితిత్తులు మునిగి చనిపోయినట్టు చెబుతున్నాయి. వీపు మీది లివిడిటీ చంపి పడేసినట్టు చెబుతోంది. రెండూ ఒకేసారి నిజం కావడం చాలా అరుదు. నురగ ఎలాంటిదో రిపోర్టులో లేదు, అడగండి. మునిగినప్పుడు వచ్చేది తెల్లగా, సన్నటి బుడగలతో, జిగటగా ఉంటుంది. తుడిచి ఛాతీ నొక్కితే మళ్లీ వస్తుంది. కుళ్లినప్పుడు వచ్చేది పెద్ద బుడగలతో, ఎర్రగా, కంపుగా ఉంటుంది. పురుగుమందు తాగినా నురగ వస్తుంది, మన పల్లెల్లో ముందు తీసిపారేయాల్సిన అనుమానం అదే. ఆర్గానోఫాస్ఫరస్ మందులకు కిరోసిన్ లాంటి లేదా వెల్లుల్లి లాంటి వాసన ఉంటుంది, కంటిపాపలు సూదిమొనలా చిన్నబడొచ్చు. మందు తాగి బావిలో దూకినవాళ్లూ ఉంటారు. విసెరా రిపోర్టు కోసం మరణ కారణం రిజర్వ్ చేయడం అందుకే, డాక్టర్ తప్పించుకోవడం కాదు.

అరచేతుల ముడతలు నీళ్లలో ఉన్నాడని మాత్రమే చెబుతాయి. చచ్చి పడినా వస్తాయి. గుప్పిట్లో నాచు, గడ్డి, గులకరాళ్లు బిగించి పట్టుకుని ఉంటే మాత్రం బతికుండగా నీళ్లలో కొట్టుకున్నాడనడానికి గట్టి గుర్తు. మీ రిపోర్టులో గుప్పిళ్ల ప్రస్తావనే లేదు.

పాత_ఇన్‌స్పెక్టర్:

డాక్టర్ గారు వదిలిన చోటు నుంచి అందుకుంటా. ఇలాంటి కేసులు బావి గట్టు మీద మొదటి గంటలోనే నిలబడతాయి, లేదా పోతాయి.

పైకి తీసేముందే ఫొటోలు, వీడియో: బోర్లానా వెల్లకిలానా, తల ఎటువైపు, ఏ బట్టలు, చెప్పులు గట్టు మీదున్నాయా నీళ్లలోనా. పిట్టగోడ ఎత్తు, నీటిమట్టం దాకా లోతు, మెట్లు, రాళ్ల అంచులు కొలిచి మధ్యవర్తుల నివేదికలో రాయాలి. నుదుటి చీలిక పడుతూ రాయి తగిలిందా, ముందే కొట్టారా అన్నది ఈ కొలతలు లేకుండా ఎవరూ చెప్పలేరు. రాతి అంచున నెత్తురు, వెంట్రుక దొరికితే ఆ రాయినే తెచ్చుకోవాలి.

ఊళ్లో చేసే పెద్ద పొరపాటు పాతాళగరిగె వేసి లాగడం. కొక్కెం చర్మంలో దిగి చీల్చుతుంది, తర్వాత ఆ చీలికలు గాయాల జాబితాలో చేరతాయి. ఫైర్ సిబ్బంది వల గానీ, కింద మంచం గానీ దింపి తీయాలి. కొక్కెం వాడితే ఎక్కడ దిగిందో ఇంక్వెస్ట్‌లో రాసి డాక్టర్‌కి చెప్పాలి. చేపలు, పీతలు కొరికిన చోట్లు కూడా అంతే, పెదాలు, చెవులు, కనురెప్పల మీద ఉంటాయి, నెత్తురు ఉండదు.

రెండో పొరపాటు, ఫోన్ వెతకడానికి మోటారు పెట్టి బావి తోడేయడం. తోడేశాక నీటి నమూనా ఉండదు, డయాటమ్ (నీళ్లలోని సూక్ష్మ నాచు) పరీక్షకు పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. నమూనా ముందు తీయాలి. చేతులకు కాగితం కవర్లు కట్టాలి, ప్లాస్టిక్ వద్దు, చెమ్మకు గోళ్ల కింద ఆధారాలు పాడవుతాయి. పొట్ట నొక్కి నీళ్లు కక్కించే పని ఎవరూ చేయకుండా చూడాలి.

పదిన్నర నుంచి 12 దాకా శవం ఎండలో ఉందా నీడలోనా అన్నది కూడా అడగండి. నీళ్లలోంచి బయటికొచ్చాక కుళ్లడం అమాంతం పెరుగుతుంది. మే నెల ఎండలో గంటన్నర తక్కువేమీ కాదు.

ఈగల సంగతి కూడా చూడండి. మునిగి ఉన్న శవం మీద ఈగ గుడ్లు పెట్టలేదు. తేలాక బయటున్న భాగం మీదే పెడుతుంది. బుధవారం ఉదయం గుడ్లో, అప్పుడే పొదిగిన సన్న పురుగులో కనిపిస్తే పేచీ లేదు, వేసవిలో 8–24 గంటల్లో పొదుగుతాయి. బలిసిన పురుగులు కనిపిస్తే మాత్రం శవం కొంతకాలం నేల మీదున్నట్టు అనుమానించాలి. పంచనామాలో "పురుగులు ఉన్నవి" అని రాసి వదిలేస్తారు. పొడవెంత, ఎక్కడ ఉన్నాయి, కొన్నిటిని ఆల్కహాల్‌లో వేసి దాచారా అన్నది ఉండదు.

పోస్ట్‌మార్టం మర్నాటికి వాయిదా పడటం మామూలే. 2021 నవంబరులో కేంద్రం రాత్రిపూట కూడా చేయొచ్చని చెప్పింది కానీ హత్య, ఆత్మహత్య అనుమానాలున్నవి, కుళ్లిన శవాలు అందులోంచి మినహాయించింది. దాన్ని తప్పుగా చూపించబోకండి.

స్లైడు_కింద:

ప్రయోగశాల వైపు నుంచి. "విసెరా పంపారు" అంటే విషం కోసం పంపారని మాత్రమే. మునిగాడా లేదా అన్నది విసెరా చెప్పదు.

విషానికి: కడుపు అందులోని పదార్థంతో సహా, చిన్నపేగు పైభాగం 30 సెం.మీ. ఒక సీసాలో. లివర్ 200–300 గ్రాములు, రెండు మూత్రపిండాల్లో చెరి సగం ఇంకో సీసాలో, లోపలికి ద్రవం దిగేలా ముక్కలు కోసి. గాఢమైన ఉప్పు ద్రావణం పోసి మూడోవంతు ఖాళీ ఉంచాలి. నిండుగా పోస్తే వేసవిలో గ్యాసుకి మూత లేచిపోతుంది. వాడిన ఉప్పు ద్రావణం నమూనా విడిగా పంపాలి. ఫార్మలిన్ పోస్తే విషపరీక్ష చెడినట్టే. నెత్తురు సోడియం ఫ్లోరైడ్‌తో వేరే సీసాలో. కుళ్లే శవంలో ఆల్కహాల్ దానంతటదే పుడుతుంది, అందుకని నెత్తురులో కొద్దిగా కనిపించగానే "తాగి పడ్డాడు" అనకూడదు. కంటిలోని విట్రియస్ ద్రవంతో పోల్చాలి.

ఆ విట్రియస్‌తో కాలం లెక్క కూడా ఉంది. చనిపోయాక అందులో పొటాషియం పెరుగుతూ పోతుంది. స్టర్నర్ సూత్రం: పొటాషియం విలువని 7.14తో గుణించి 39.1 తీసేస్తే గంటలు వస్తాయి. లీటరుకి 12 మిల్లీమోల్ ఉంటే 46.6 గంటలు. దశాంశం చూసి మురిసిపోవద్దు. వేడికి పొటాషియం త్వరగా పెరుగుతుంది, మన మే నెలలో ఈ సూత్రం అసలుకన్నా ఎక్కువ గంటలు చూపిస్తుంది. ఫ్రీజర్‌లో ఆ పెరుగుదల నెమ్మదిస్తుంది. సూది కంటి బయటి మూల నుంచి పెట్టి 1–2 మి.లీ. నెమ్మదిగా లాగాలి. గట్టిగా లాగితే రెటీనా కణాలు కలిసి విలువ చెడుతుంది. రెండు కళ్లూ వేర్వేరుగా తీయాలి, రెండు అంకెలూ దూరంగా ఉంటే రెండూ వదిలేయాలి.

డయాటమ్‌లు నీళ్లలో ఉండే సూక్ష్మ నాచు, పెంకు సిలికాది. బతికుండగా మునిగితే నీళ్లతో ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి నెత్తురు ద్వారా ఎముక మజ్జలోకి చేరతాయి. చచ్చాక పడితే నీటి ఒత్తిడికి ఊపిరితిత్తుల దాకా పోవచ్చు, గుండె ఆగింది కాబట్టి మజ్జకి పోవు. అందుకని ఊపిరితిత్తుల్లో దొరికాయంటే ఏమీ తేలదు, తొడ ఎముకో ఛాతీ మధ్య ఎముకో కావాలి. మజ్జని గాఢ నైట్రిక్ ఆమ్లంలో మరిగించి, సెంట్రిఫ్యూజ్ చేసి, కడిగి మైక్రోస్కోపు కింద చూస్తాం. కుళాయి నీళ్లలోనూ డయాటమ్‌లు ఉంటాయి. ఎముక కోసే కత్తి, సీసా కుళాయి కింద కడిగితే పరీక్ష అక్కడే పాడైంది, డిస్టిల్డ్ వాటర్ వాడాలి. బావి నీళ్లు ఒక లీటరు, అవే నీళ్లతో తొలిచిన సీసాలో కావాలి. మజ్జలో దొరికిన జాతులూ బావిలోవీ ఒకటే అయితేనే అర్థముంది. వెలుతురు తగలని బావుల్లో డయాటమ్‌లు తక్కువ, పైగా కొందరికి స్వరపేటిక మూసుకుపోయి నీళ్లు లోపలికే పోవు. కాబట్టి దొరకకపోతే "మునగలేదు" అని కాదు.

మీ రిపోర్టులో ఎముక తీసినట్టే లేదు. దహనం చేసి ఉంటే ఇక దారి లేదు. పూడ్చి ఉంటే తవ్వితీసి చెక్కుచెదరని తొడ ఎముక పంపొచ్చు. మట్టిలోనూ డయాటమ్‌లు ఉంటాయి, ఎముక పగలకుండా ఉంటేనే ప్రయోజనం.

నుదుటి చీలిక అంచుల నుంచి చర్మం ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో పంపారా చూడండి. గంటల తరబడి నీళ్లలో నానితే బతికుండగా తగిలిన గాయం నుంచి కూడా నెత్తురు కడుక్కుపోయి పాలిపోతుంది, కంటికి చచ్చాక తగిలినదానిలా కనిపిస్తుంది. మైక్రోస్కోపు కింద లోపలి పొరల్లో నెత్తురు ఇంకిందా లేదా చూస్తే తేలుతుంది.

నల్లకోటు_వరంగల్:

డిఫెన్స్‌కి నా మాట: "48 గంటలు" మీద కేసంతా పెట్టొద్దు. కాలం మీద డాక్టర్ చెప్పేది భారతీయ సాక్ష్య అధినియమ్ 39 కింద నిపుణుడి అభిప్రాయం, అంతే. ఎఫ్‌ఎంటీ_ట్యూటర్ చెప్పిన ఫ్రీజర్ లెక్క ప్రాసిక్యూటర్ రీ-ఎగ్జామినేషన్‌లో (మీ క్రాస్ అయ్యాక తన సాక్షిని మళ్లీ అడిగేటప్పుడు) ఒక్క ప్రశ్నతో తెప్పిస్తాడు. బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103, అంటే హత్య నేరం, నిలవాలంటే ముందు ఇది హత్యేనని ప్రాసిక్యూషన్ చూపించాలి. మీ బలం అక్కడుంది: మెడ మీద ఏమీ లేదు, నుదుటి గాయానికి హిస్టాలజీ (మైక్రోస్కోపు పరీక్ష) లేదు, ఎముక తీయలేదు, కారణం రిజర్వ్‌లో ఉంది. చీకట్లో మోటారు దగ్గర కాలు జారి పడ్డాడన్న అవకాశాన్ని ఏ వైద్య సాక్ష్యమూ కొట్టేయలేదు.

క్రాస్‌లో డాక్టర్‌ని "ఎన్ని గంటలు?" అని అడగొద్దు. నురగ ఎలాంటిది, గుప్పిళ్లు ఎలా ఉన్నాయి, వీపు మచ్చ ఇంక్వెస్ట్‌లో ఉందా అని అడగండి. అయితే వీపు గురించి అడిగేముందు ఫొటోలు మీరు ముందే చూసుకోండి.

మూట్_ఫైనలియర్:

ఇప్పుడే ఫైలు తిరగేశాను. ఇంక్వెస్ట్‌లో ఏడో కాలమ్‌లో "వీపు: మచ్చలు లేవు" అని ఉంది, ఫొటో మాత్రం ముందువైపువే ఇచ్చారు. మెడ గురించి రిపోర్టులో "సాధారణం" అని ఒక్క మాటే. దాని మీద నిలబడొచ్చా?

ఎఫ్‌ఎంటీ_ట్యూటర్:

"మచ్చలు లేవు" చాలా మంచి మాట, ఇంక్వెస్ట్ అధికారి చేత కోర్టులో చెప్పించుకోండి. మెడ దగ్గర మాత్రం జాగ్రత్త. పుర్రె, ఛాతీ ముందు తెరిచి నెత్తురంతా కారిపోయాక మెడని చివర్లో పొరపొరగా కోయాలి. ముందే కోస్తే కోతలోంచి నెత్తురు కండరాల్లోకి ఇంకి గొంతు నులిమినట్టు కనిపిస్తుంది. పైపైన చూసి వదిలేస్తే నులిమినదే కనిపించదు. "సాధారణం" అన్నది పొరపొరగా కోసి చూశాక రాసిందా, హయాయిడ్ ఎముక (గొంతులోని చిన్న ఎముక) తీసి చూశారా అన్నది ఆయన చెప్పే జవాబు మీద ఉంటుంది. ఆ జవాబు ఎటు వస్తుందో ముందు తెలియకుండా అడగకండి.